దేవుణ్ని సస్పెన్స్ ఖాతాలో ఉంచడం ఎలా

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక మొత్తం జమ అయి ఉంటుంది. ఎవరు వేశారో ఉండదు, ఎందుకు వేశారో ఉండదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు అలాంటిది కనబడగానే రెండు పనుల్లో ఒకటి చేస్తారు. "ఫలానా పార్టీ దగ్గర్నుంచి రావాల్సింది ఉంది కదా మేడమ్, అదే అయ్యుంటుంది" అని ఆ పార్టీ ఖాతాలో వేసేస్తారు. లేదా మనది కాదేమోనని అసలు పుస్తకంలోకే ఎక్కించరు. రెండూ తప్పే. డబ్బు వచ్చిన మాట నిజం, ఎవరు పంపారో తెలియని మాటా నిజం. ఈ రెంటిలో ఏదీ చెడిపోకూడదంటే దాన్ని సంగతి తేలేదాకా ఆపి ఉంచే సస్పెన్స్ ఖాతాలో వేసి, పక్కన పెన్సిలుతో తేదీ రాసి, వివరాలు కోరుతూ ఉత్తరం పెట్టాలి.

ఇరవై ఆరేళ్లుగా నాది ఆడిట్ పని. ఊళ్లోవాళ్ల పుస్తకాల్లో ఈ ఖాతా ఎక్కడ తెరవాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నా బుర్రలో మాత్రం నలభై దాటేదాకా తెరవలేదు. దేవుడనే పద్దు దగ్గరికి వచ్చేసరికి, చిన్నప్పుడు ఎవరో వేసిన ఎంట్రీనే ఏటేటా ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా తెచ్చుకుంటూ వచ్చాను. ఒక్క ఏడాది కూడా వోచరేదీ, అంటే ఆ ఎంట్రీకి రుజువు కాగితమేదీ, అని అడగలేదు.

మా అక్కకి గట్టి నమ్మకం. మా ఆయనకి గట్టి అపనమ్మకం. ఇద్దరూ కలిసి నాకు పెట్టిన పేరు గోడ మీద పిల్లి. (వాళ్లిద్దరూ ఒక మాట మీదకి వచ్చింది బహుశా ఈ విషయంలోనే.) గోడ మీద పిల్లి ఎటు లాభముంటే అటు దూకుతుంది. నేను రాస్తున్నది దూకకుండా కూర్చోవడం గురించి. ఆధారం చాలనప్పుడు నమ్మకాన్ని ఆపి ఉంచడం, ఆపి ఉంచి మామూలుగా బతకడం. నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. మీ వృత్తి వేరైతే మాటలు మార్చుకోండి.

ముందు పద్దును విడగొట్టండి

లెక్కల్లో తిరకాసు ఎక్కువగా దాక్కునేది "ఇతర ఖర్చులు" అన్న వరుసలో. పది రకాలు ఒక్క అంకెగా కూర్చుంటాయి. అడిగితే వాటిలో మంచిదాని బిల్లు ఒకటి తీసి చూపిస్తారు. "దేవుడున్నాడు" అన్న వాక్యం కూడా అలాంటి వరుసే.

ఒక కాగితం తీసుకుని విడివిడిగా రాయండి. ఈ విశ్వం మొదలవడానికి ఏదో ఒక కారణం ఉంది: ఇది ఒక పద్దు. ఆ కారణానికి మనసూ ఉద్దేశమూ ఉన్నాయి: ఇది వేరే పద్దు. ఆ మనసు మనుషుల మొర వింటుంది, విని జరగబోయేదాన్ని మారుస్తుంది: మూడోది. మనం పోయాక లెక్క అడుగుతుంది: నాలుగోది. ఇదంతా ఫలానా గ్రంథంలో పొల్లుపోకుండా ఉంది: అయిదోది. మీరు విన్న దేవుణ్ని బట్టి ఇంకొన్ని చేరతాయి.

ఇళ్లల్లో జరిగే వాదనలు గమనించండి. నమ్మేవాళ్లు మొదటి పద్దుకి వోచర్ చూపించి అయిదోదాని మీద సంతకం అడుగుతారు. నమ్మనివాళ్లు అయిదోదాంట్లో తప్పు పట్టుకుని మొదటిదాన్ని కూడా కొట్టేస్తారు. ఈ రెండో పని మా ఆయన చాలా నైపుణ్యంగా చేస్తారు.

విడగొట్టి చూసుకున్నాక నాకొకటి అర్థమైంది. మూడో పద్దును కొంతవరకు పరీక్షించొచ్చు. మొదటిదాన్ని ఎలా పరీక్షించాలో కూడా నాకు తెలియదు. అంటే రెంటికీ "తెలియదు" అనే రాసినా, ఆ రెండు తెలియదులూ ఒకటి కావు. ఒకటి వెతికి దొరకనిది, ఇంకొకటి ఎక్కడ వెతకాలో తెలియనిది. ఆ తేడా పక్కన రాసుకోకపోతే ఆరు నెలల తర్వాత ఏది ఎందుకు ఆపామో మనకే గుర్తుండదు.

వోచర్‌కీ వోచర్‌కీ తేడా

మా పనిలో ఆధారాలకి ఒక వరస ఉంది. యజమాని నోటిమాట అన్నిటికన్నా కింద. వాళ్ల ఆఫీసులోనే తయారైన కాగితం దానికంటే నయం. బయటి సంస్థ రాసిచ్చింది ఇంకా నయం, అది కూడా నేరుగా మా చేతికి వస్తేనే. బ్యాంకు ఇచ్చే కన్ఫర్మేషన్ లెటర్ క్లయింటు చేతుల మీదుగా వచ్చిందంటే దాని విలువ సగం పోయినట్టే. వాళ్లు దొంగలని కాదు. కాగితం దారిలో ఎన్ని చేతులు మారితే అన్ని అనుమానాలు, అంతే.

ఇంకా కింద స్థాయి ఆధారం ఒకటుంది, చూడటానికి మాత్రం గొప్పగా ఉంటుంది. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పెద్ద మొత్తానికి పదకొండు కాగితాలు జతచేసిన ఫైలు నా ముందుకు వచ్చింది. దాని లావు చూసే సగం నమ్మేశాను. పచ్చ పెన్సిలుతో టిక్కులు కొట్టుకుంటూ పోయాను. సాయంత్రం కాగితాలు సర్దుతుంటే కనబడింది: పదకొండింటిలోనూ ఎడమ మూల పైన, ఒకే చోట, ఒకే వంకరలో స్టేప్లర్ పిన్ను నీడ. అన్నీ ఒకే కాగితానికి జిరాక్సులు. నా దగ్గరున్న ఆధారాలు పదకొండు కావు, ఒకటి. ఆ ఒక్కటీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"ఇన్ని కోట్లమంది నమ్ముతున్నారు, వాళ్లంతా పిచ్చివాళ్లా?" అన్నప్పుడల్లా నాకు ఆ పిన్ను నీడే గుర్తొస్తుంది. పిచ్చివాళ్లు కారు. కానీ వాళ్లలో ఎంతమంది విడిగా చూసి చెబుతున్నారు, ఎంతమంది విన్నది చెబుతున్నారు? మనుషుల్లో చాలామందికి పుట్టిన ఇంటి మతమే నిజమైన మతంగా తోస్తుంది. అది జిరాక్సు లక్షణం. ఇక్కడ తొందరపడకూడదు. జిరాక్సు అయినంత మాత్రాన అసలు బిల్లు దొంగదని తేలదు. కాపీల సంఖ్యను ఆధారాల సంఖ్యగా లెక్కపెట్టకూడదు, తేలేది అంతవరకే.

సొంత అనుభవం సంగతి వేరు. అక్క అంటుంది, "కళ్లు మూసుకుని కూర్చుంటే పక్కన ఎవరో ఉన్నట్టు తెలుస్తుందే. అబద్ధం చెప్తున్నానా నేను?" అబద్ధం కాదు. డబ్బు జమ అయింది, స్టేట్‌మెంట్‌లో కనబడుతూనే ఉంది. పంపిందెవరన్నదే ప్రశ్న. ఒకరి దేవుణ్ని ఒకరు ఒప్పుకోని మతాల వాళ్లకి కూడా దాదాపు ఇదే అనుభవం కలుగుతుంటుంది, ఎవరికి వాళ్లు తమ దేవుడి పేరే రాసుకుంటారు. కాబట్టి అనుభవం మీద పంపినవారి పేరు అచ్చై రావడం లేదని అనుకోవాలి. అలాగని "అదంతా నీ మెదడు చేసే మాయ అక్కా" అని తేల్చేయకండి. అది కూడా వోచర్ లేని పోస్టింగే.

ఒక పాత ఉదాహరణ ఈ సందర్భంలో చెప్పుకోవాలి. విలియం క్లిఫర్డ్ అనే గణిత శాస్త్రవేత్త 1877లో ఒక ఓడ యజమాని కథ చెప్పాడు. ఓడ పాతది, మరమ్మతు కావాలని యజమానికి అనుమానం ఉంది. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్లొచ్చింది కదా, దేవుడే చూసుకుంటాడని తనకి తాను నచ్చజెప్పుకుని, మనస్ఫూర్తిగా నమ్మి, జనాన్ని ఎక్కించి పంపాడు. అది నడిసముద్రంలో మునిగింది. తప్పు అతనిదేనని అందరం అంటాం. క్లిఫర్డ్ అడిగింది ఆ తర్వాతి ప్రశ్న: ఓడ క్షేమంగా చేరి ఉంటే? అప్పుడూ తప్పు తప్పేనన్నాడు, ఎందుకంటే అలా నమ్మడానికి అతనికి హక్కు లేదు. ఆడిట్ చేసేవాళ్లకి ఈ మాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. వోచర్ చూడకుండా పాస్ చేసిన ఎంట్రీ తర్వాత సరైనదేనని తేలినా, పాస్ చేసినవాళ్లకి అక్షింతలు తప్పవు.

లేదంటే లేనట్టేనా

మా ఆయన వాదన సూటిగా ఉంటుంది: "ఇన్నాళ్లు వెతికినా ఆధారం దొరకలేదంటే లేనట్టే." ఒక్కోసారి నిజమే. పుస్తకంలో అయిదు వందల బస్తాలున్నాయని రాసి, గోడౌన్ తలుపు తీస్తే ఖాళీ నేల కనబడితే, ఆ ఖాళీయే ఆధారం. ఉంటే కనబడి తీరాలి, కనబడలేదు. అదే గోడౌన్‌లో ఒక గుండుసూది పడిపోయిందంటే, తలుపు దగ్గర నిలబడి ఓ చూపు చూసి లేదని రాయడానికి ఉండదు. కాబట్టి ప్రతి పద్దు దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఇదే నిజమైతే, నేను చూసిన చోట ఏం కనబడాలి?

ఈ జాగ్రత్త ఎందుకో రెండు గ్రహాల కథ నాకు నేర్పింది. పందొమ్మిదో శతాబ్దంలో యురేనస్ గ్రహం లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండటం లేదు, కొంచెం పక్కకి జరుగుతోంది. అవతల కనబడని గ్రహమేదో దాన్ని లాగుతోందని ఫ్రెంచి ఖగోళవేత్త లెవెర్యే లెక్కగట్టి, అదెక్కడుంటుందో కూడా రాసి పంపాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్ వేధశాలలో గాలే దుర్భిణి పెట్టి చూస్తే, చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపే దొరికింది. అదే నెప్ట్యూన్.

అదే లెవెర్యే తర్వాత బుధగ్రహం మీద పడ్డాడు. దాని కక్ష్యలోనూ లెక్కకి అందని చిన్న తేడా ఉంది. అదే బుర్ర, అదే గణితం, అదే తర్కం: సూర్యుడికి ఇంకా దగ్గరగా మరో గ్రహం ఉండి ఉండాలి. 1859లో ఆ మాట ప్రకటించాడు. చూశానంటూ ఒక డాక్టరు కూడా ముందుకొచ్చాడు, ఆయనకి ఖగోళం సరదా. ఆ గ్రహానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. గ్రహణాలప్పుడు వెతికారు, కొందరు కనబడిందన్నారు, కొందరు లేదన్నారు. లెవెర్యే 1877లో చనిపోయేదాకా ఉందనే నమ్మాడు. 1915లో ఐన్‌స్టైన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంతో ఆ తేడాని లెక్కగట్టి చూపించాడు. శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) తేడా, ఏ గ్రహమూ అవసరం లేకుండానే సరిపోయింది.

1859లో మీరూ నేనూ ఉండి ఉంటే ఏం చేసేవాళ్లం? నెప్ట్యూన్ దొరికింది కాబట్టి వల్కన్ కూడా ఉంటుందనేవాళ్లం. లేదా కళ్లకి కనబడనిదాన్ని ఒప్పుకోం అనేవాళ్లం, ఆ పంతమే 1845లో పట్టి ఉంటే నెప్ట్యూన్ దగ్గర పప్పులో కాలేసేవాళ్లం. కనబడని కారణాన్ని ఊహించడం తప్పు కాదు. ఆ ఊహ ఫలానా చోట, ఫలానా రాత్రి దుర్భిణి పెట్టమని చెప్పిందా, పెడితే కనబడిందా అన్నదాని మీదే మన నమ్మకం ఆధారపడాలి. "లెక్క కుదరడం లేదు కాబట్టి అక్కడ దేవుడున్నాడు" అని ఎవరైనా అన్నప్పుడు నేను అడిగేది ఇదొక్కటే: నెప్ట్యూన్ రకమా, వల్కన్ రకమా? మొదట్లో రెండూ ఒకేలా ఉంటాయి.

ఫలితం రాకముందే రాసిపెట్టుకోండి

మొర వినే దేవుడు అన్న మూడో పద్దు దగ్గర చేతితో చేయగలిగిన పని కొంత ఉంది. నేనొక నోట్‌బుక్ పెట్టాను. ఎడమ పేజీలో ఏం కోరుకున్నాను, ఏ తేదీలోగా, ఏం జరిగితే అవునని ఒప్పుకుంటాను, ఏం జరిగితే కాదని ఒప్పుకుంటాను. కుడి పేజీ ఖాళీ. తేదీ వచ్చాక నింపాలి. ఎడమ పేజీ తర్వాత దిద్దకూడదు, అదే నియమం.

నేను అనుకున్నంత తేలిగ్గా లేదు. "మనశ్శాంతి ఇవ్వు" లాంటివి ఎడమ పేజీలో పట్టవు, ఏం జరిగితే కాదనాలో రాయలేం. ఒక కోరిక తీరింది గానీ తేదీ దాటాక తీరింది. పెన్ను తీసుకుని ఎడమ పేజీలో తేదీ దిద్దబోతున్న నా చేతిని చూసి నాకే నవ్వొచ్చింది. ఎన్ని క్లయింట్ల పుస్తకాల్లో ఇలా దిద్దిన తేదీల చుట్టూ ఎర్రగా గీసి ఉంటాను! పదకొండు నెలలు రాశాక నాకు తేలింది దేవుడి గురించి కాదు. జరిగినవి గుర్తుంటాయి, జరగనివి జారిపోతాయి. రాసి ఉండకపోతే, కోరినవన్నీ తీరాయని ప్రమాణం చేసి చెప్పేదాన్ని.

ఈ పని పెద్ద ఎత్తున చేసినవాళ్లున్నారు. 1872లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక చమత్కారమైన లెక్క వేశాడు. రాజుల ఆయురారోగ్యాల కోసం దేశమంతా ప్రార్థిస్తుంది కదా, మరి రాజకుటుంబీకులు ఎక్కువ కాలం బతుకుతున్నారా? కలిగినవాళ్ల వర్గాలన్నిటిలోకీ వాళ్ల సగటే తక్కువగా తేలింది. చదవడానికి సరదాగా ఉంటుంది కానీ ఆ లెక్కని నేను పాస్ చేయను. రాజుల బతుకూ డాక్టర్ల బతుకూ ఒకేలా ఉండవు, పోలిక కుదరదు. అంతకన్నా పకడ్బందీగా చేసింది 2006లో అమెరికాలో వెలువడిన అధ్యయనం. ఆరు ఆసుపత్రులు, గుండె బైపాస్ చేయించుకున్న 1802 మంది రోగులు. కొందరి కోసం ముక్కూమొహం తెలియనివాళ్లు ప్రార్థించారు, కొందరి కోసం చేయలేదు, ఈ రెండు జట్లలోనూ ఎవరికీ తాము ఎందులో ఉన్నామో తెలియదు. ఏదో ఒక చిక్కు వచ్చినవాళ్లు మొదటి జట్టులో 52 శాతం, రెండో జట్టులో 51 శాతం. మీ కోసం ప్రార్థిస్తున్నారని ముందే చెప్పిన మూడో జట్టులో 59 శాతం.

దీన్ని మా ఆయన గోడకి ఫ్రేము కట్టించేలా ఉన్నారు. ఆగమన్నాను. ఇది పరీక్షించింది ఒక్కటే పద్దు: పరాయివాళ్లు దూరం నుంచి చేసే ప్రార్థన వల్ల బైపాస్ తర్వాత చిక్కులు తగ్గుతాయా అని. ఆ పద్దుకి వోచర్ రాలేదు. మిగతా నాలుగు పద్దుల జోలికి ఆ అధ్యయనం వెళ్లనే లేదు. మరి మూడో జట్టుకి 59 ఎందుకొచ్చింది? యాదృచ్ఛికం కావచ్చు, "నా కోసం ప్రార్థించేదాకా వచ్చిందా పరిస్థితి" అన్న టెన్షన్ కావచ్చు. అది కూడా సస్పెన్స్‌లోకే.

నాస్తికుడని పేరుపడ్డ డయాగొరస్ అనే పాత గ్రీకు మనిషి కథ రోమన్ రచయిత సిసెరో రాశాడు. ఓడ ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లు దేవుడికి సమర్పించిన చిత్రపటాలను చూపించి, "ఇంతమందిని కాపాడాడు, ఇంకా అనుమానమేనా?" అని ఒక స్నేహితుడు అడిగాడట. "మునిగిపోయినవాళ్లు పటాలు వేయించలేదు కదా" అన్నాడట డయాగొరస్. మహిమల కథ ఏది విన్నా, పటం లేనివాళ్లు ఎంతమందో అడగండి. అడగడం మర్యాద కాదనిపిస్తే మనసులోనే అడగండి. ఏడుస్తున్న మనిషి ముందు ఆడిట్ మొదలుపెట్టకూడదని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

"అభిప్రాయం చెప్పడం లేదు" అనడం

ఆడిట్ నివేదికలో "ఈ లెక్కలు తప్పు" అని రాయడం ఒకటి. "అభిప్రాయం ఏర్పరచుకోవడానికి తగినంత ఆధారం మాకు దొరకలేదు, కాబట్టి అభిప్రాయం చెప్పడం లేదు" అని రాయడం ఇంకొకటి. రెండోదాన్ని మావాళ్లు డిస్‌క్లెయిమర్ అంటారు. రాయడం చాలా కష్టం. క్లయింటుకి కోపం వస్తుంది, చదివేవాళ్లకి విసుగొస్తుంది, రాసినవాళ్లకి చేతకాదేమోనన్న పేరొస్తుంది.

ఇంట్లోనూ అంతే. మీరు "తెలియదు" అంటే నమ్మేవాళ్లకి అది పొగరుగా వినిపిస్తుంది, నమ్మనివాళ్లకి భయంగా వినిపిస్తుంది. ఈ వైఖరికి ఇంగ్లీషులో ఆగ్నాస్టిక్ అన్న మాట బ్రిటిష్ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ 1869లో పుట్టించాడు. వైఖరి అంతకన్నా చాలా పాతది. క్రీస్తుకి పూర్వం అయిదో శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త ప్రొటాగొరస్, దేవుళ్లు ఉన్నారో లేరో తెలుసుకోలేనని, విషయం మసకగా ఉందని, మనిషి ఆయుష్షు చాలదని అన్నాడు. మన భాషలోనైతే మొసలి పట్టులో అలిసిపోయిన ఏనుగుకే "కలడో లేడో" అన్న అనుమానం వచ్చింది, ఆ పద్యం రానివాళ్లెవరు?

మాటల్లో ఒక చిన్న జాగ్రత్త నాకు బాగా పనిచేసింది. "నేను నమ్మను" అనకుండా "నాకింకా ఆధారం కనబడలేదు" అంటాను. మొదటిది ఎదుటివాళ్లని వాదనకి పిలుస్తుంది, రెండోది కూర్చుని చెప్పమంటుంది. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు అడిగింది, "అమ్మా, దేవుడున్నాడా?"

"నాకు తెలీదమ్మా."

"పెద్దమ్మకి తెలుసంటగా?"

"ఎలా తెలుసో పెద్దమ్మనడుగు. అడిగి నాకూ చెప్పు."

అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు నుంచి పిల్లకి తనే ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. నేను అడ్డుపడలేదు. పిల్ల తన ఖాతా తనే తెరుచుకోవాలి.

"ఏదీ తేల్చకపోవడం కూడా ఒక తేల్చుకోవడమే కదా" అని మీకు ఎవరైనా అడ్డం తగులుతారు. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. 1896లో అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్, ఆ ఓడ కథ చెప్పిన క్లిఫర్డ్‌కి ఇచ్చిన జవాబు ఇంచుమించు ఇదే: కొన్ని నిర్ణయాలు వాయిదాకి లొంగవు, ఆధారం వచ్చేదాకా ఆగితే అవకాశమే పోతుంది. స్నేహం విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఎదుటి మనిషి మంచితనానికి రుజువు దొరికాకే చేయి కలుపుతానంటే ఎవరితోనూ కలపలేం. కానీ చేయి కలపడం వేరు, పుస్తకంలో "రుజువైంది" అని రాయడం వేరు. చేయాల్సిన పని చేయొచ్చు, ఎంట్రీ మాత్రం సస్పెన్స్‌లోనే ఉంచొచ్చు. "ఉంటే లాభం, లేకపోతే నష్టం లేదు, నమ్మేస్తే పోలా" అన్న ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ పందెం దగ్గర మాత్రం నాకు ఓపిక నశిస్తుంది. ఏ మతం వాళ్లైనా ఇదే మాట అనగలరు కదా అని ఇంకో ఫ్రెంచి తత్వవేత్త డిడెరో ఎప్పుడో అన్నాడు. ఏ దేవుడి మీద కాయాలో ఆ పందెం చెప్పదు. పైగా లాభం చూసుకుని వేసే ఎంట్రీని మా వృత్తిలో ఏమంటారో ఇక్కడ రాయను.

రాత్రి రెండింటికి

ఇంతవరకూ చెప్పింది పగటి పని. రాత్రి వేరు. మూడేళ్ల కిందట అక్కకి గుండె ఆపరేషన్. కారిడార్‌లో బెంచీ మీద నేను, పక్క బెంచీ మీద ఇంకో కుటుంబం. రెండు దాటింది. నా పెదాలు కదులుతున్నాయని కాసేపటికి తెలిసింది. చిన్నప్పటి మాటలే, వరస తప్పకుండా వస్తున్నాయి. బేరం కూడా పెట్టాను: దీన్ని బయటికి తీసుకురా, ఇంక అనుమానించను.

అలాంటప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ మాటలు నోరు చేసే పని. భయపడ్డ పిల్ల అమ్మా అని అరుస్తుంది, అమ్మ పక్క గదిలో ఉందో లేదో చూసుకుని అరవదు. ప్రార్థించాలనిపిస్తే ప్రార్థించండి, మానాలనిపిస్తే మానండి. ఒక్కటే చేయకండి: ఆ రాత్రి ఏ ఎంట్రీనీ ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి మార్చకండి. నిద్ర లేని మనిషి సంతకాన్ని నేను ఆఫీసులోనూ ఒప్పుకోను.

అయిదింటికి ముందు డాక్టరు వచ్చి, ప్రమాదం గడిచిందన్నారు. పక్క బెంచీ వాళ్లని అంతకు గంట ముందే లోపలికి పిలిచారు. వాళ్లు మళ్లీ అటు రాలేదు. వాళ్లూ ప్రార్థించారు, నాకంటే గట్టిగా, నాకంటే నమ్మకంగా. బెంచీ కింద వాళ్ల నీళ్లసీసా ఒకటి ఉండిపోయింది, సగం నీళ్లతో.

నాలుగో రోజు అక్క కళ్లు విప్పార్చి, "చూశావా?" అంది. "చూశానక్కా" అన్నాను. ఏం చూశానో చెప్పలేదు. నోట్‌బుక్‌లో ఆ రాత్రికి ఎడమ పేజీ రాసి లేదు, కాబట్టి కుడి పేజీలోనూ ఏమీ రాయలేదు. బేరం సంగతా? అప్పటికి కొన్నాళ్లు మనసులో మెదిలింది. ఒత్తిడి మీద రాయించుకున్న పత్రం చెల్లదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను, కొంచెం సిగ్గుపడుతూనే.

ఏడాదికోసారి తెరిచి చూడండి

సస్పెన్స్ ఖాతాలో వేసి మర్చిపోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఏళ్ల తరబడి కదలని మొత్తం కనబడితే ఎవరో వెతకడం మానేశారన్నమాట. అందుకే నేను ఏడాదికి ఒక రోజు పెట్టుకున్నాను. పద్దుల కాగితం తీసి, ఒక్కోదాని పక్కనా ఈ ఏడాది కొత్తగా ఏం తెలిసింది, ఏం దొరికితే నా మనసు ఎటు ఎంత కదులుతుంది అని రాస్తాను. "ఏం దొరికినా కదలదు" అని రాయాల్సి వస్తే ఆ పద్దు సస్పెన్స్‌లో లేనట్టే, రహస్యంగా ఎటో పోస్ట్ అయిపోయింది. రెండేళ్ల కిందట నాలుగో పద్దు పక్కన నాకు అదే ఎదురైంది. చనిపోయాక ఏమీ ఉండదని ఎప్పుడు తేల్చేసుకున్నానో నాకే తెలియదు. వెనక్కి తెచ్చి వేశాను.

కొత్త ఆధారం వచ్చినప్పుడు పాత నమ్మకాన్ని ఎంత జరపాలో లెక్కగట్టే సూత్రం థామస్ బేస్ పేరు మీద ఉంది. ఆయన పోయాక 1763లో అచ్చయింది. ఆయన వృత్తి చర్చిలో మతబోధ. ఈ సంగతి అక్కకి చెప్తే ఎంత సంబరపడిందో! మా ఆయన మొహం అదోలా పెట్టారు.

ఈ ఏడాది కాగితం ఇంకా తీయలేదు. నిన్న అక్క ఫోన్ చేసి, కొత్త వోచర్ దొరికింది, ఆదివారం తెస్తానంది. అసలా, జిరాక్సా అని అడిగాను. "వచ్చాక నువ్వే చూద్దువుగాని, ఆ పెన్సిల్ కూడా దగ్గర పెట్టుకో" అంది. చెక్కి పెట్టాను.